అద్దం అవతల పిన్ని

మా అపార్ట్‌మెంట్ సంఘం సమావేశాలు ఈమధ్య ఫోన్లోనే, వీడియో కాల్‌లో జరుగుతున్నాయి. లిఫ్టు మూడో అంతస్తులో ఆగడం లేదని నేను చెప్పబోయిన ప్రతిసారీ కార్యదర్శి గారు ఎక్కడో ఏదో నొక్కి నా నోరు మూయిస్తారు. నేను పెదాలు కదుపుతూనే ఉంటాను, తక్కినవాళ్ళు నా ఆరోగ్యం గురించి దిగులుపడుతున్నట్టు చూస్తారు. మొన్న అలా కూర్చున్నప్పుడు అరిచేతులకు చెమట పట్టింది. లిఫ్టు గురించి ఎవరూ అంత భయపడరు. అది పాత భయం, ఫిల్మ్ నగర్‌లోని మా డబ్బింగ్ థియేటర్‌ది.

ఆ థియేటరు మా పెద్దమామయ్య కంపెనీ. కంపెనీ అంటే మరీ పెద్దగా ఊహించుకోకండి, వాటాదారులమంతా ఒక్క పెళ్ళి ఫోటోలో పట్టేవాళ్ళం. సగానికి పైగా వాటాలు ఆయనవే. ఆయన చెల్లెలు, అంటే మా పిన్ని, థియేటరు కట్టుకోమని తన స్థలం ఇచ్చి పావు వాటా పుచ్చుకుంది. బాబాయి పోయాక ఆవిడకున్న ఆధారమల్లా అదే. ఒకప్పుడు హీరోయిన్లకు గొంతిచ్చిన మనిషి, ఏడుపు సీన్లంటే నిర్మాతలు వెతుక్కుంటూ వచ్చేవారు. నేనక్కడ సౌండ్ ఇంజనీర్ని. నా ఉద్యోగం, నా పెళ్ళి, మేముండే అద్దిల్లు, మూడూ మామయ్య కుదిర్చినవే.

కంపెనీ సమావేశం ఏటా థియేటర్లోనే పెట్టేవాళ్ళం. చట్టం కోసం కాదు, ఏసీ కోసం. వాటాదారులంతా డబ్బింగ్ చెప్పే గదిలో ఒక్క మైకు ముందు కూర్చుంటే, మామయ్యా ఆడిటరు గారూ నేనూ అద్దానికి ఇవతల ఉండేవాళ్ళం. మైకు మీట నేను పైకి జరిపితేనే లోపలి మాట ఇవతలికి వినిపించేది. అందరికీ సమ్మతమేగా అని మామయ్య అడగడం, లోపల తలలూపడం, తర్వాత పులిహోర.

ఆ ఏడు ఆయన కొత్త వాటాలు పుట్టించి అన్నీ తన కొడుక్కే ఇచ్చే తీర్మానం తెచ్చారు. అలా జరిగితే పిన్ని పావు వాటా ఆ పులిహోరలో ఆవగింజంత అవుతుంది. పిన్ని లేచి మైకు దగ్గరికొచ్చింది, నేను అలవాటుగా మీట పైకి జరిపాను.

"నాకు సమ్మతం కాదన్నయ్యా. ఈ గోడలు నా స్థలంలో నిలబడ్డాయి."

మామయ్య నావైపు తిరగనైనా తిరగలేదు. "దించరా అబ్బాయ్," అన్నారు.

చప్పుడు చొరని గదిలో భయం ఎంత చప్పుడు చేస్తుందో అప్పుడు తెలిసింది, నా గుటక నాకే వినపడింది. దించితే పిన్ని అద్దం వెనక ఊరికే పెదాలు కదుపుతుంది, ఆడిటరు గారు ఏకగ్రీవమని రాసుకుంటారు. దించకపోతే నా సంగతి ఆ దేవుడే చూసుకోవాలి. చెయ్యి మీట మీదే ఉండిపోయింది. పిన్ని ఒక్క కన్నీటి చుక్క లేకుండా చెప్పాల్సిందంతా చెప్పేసింది. అభ్యంతరం విన్నాక ఏకగ్రీవమని ఎలా రాయనండీ అని ఆడిటరు గారు నసిగారు.

ఎక్కువ వాటాల బలంతో తీర్మానం నెగ్గింది గానీ, ఆ అభ్యంతరాన్ని పట్టుకునే పిన్ని కంపెనీల తగాదాలు వినే న్యాయస్థానానికి వెళ్ళింది. ఏళ్ళు పట్టినా కొత్త వాటాలు చెల్లవన్నారు. ఈలోగా నా ఉద్యోగం పోయింది, ఇల్లు పోయింది, పెళ్ళి మాత్రం ఎలాగో నిలబడింది.

ఇప్పుడా థియేటరున్న చోట కాఫీ షాపు వెలిసింది, ఈకాలం పిల్లలు ఇంట్లోనే బీరువా తలుపు చాటున దుప్పటి కప్పుకుని డబ్బింగ్ చెప్పేస్తున్నారట. ఆ రోజుల్లో మన నోరు నొక్కేవాడు కనీసం పక్క కుర్చీలో కనిపించేవాడు, ఎవరికి భయపడాలో తెలిసేది.

నిన్న మోతీనగర్ వెళ్ళి పిన్ని దగ్గర ఈ లిఫ్టు గోడు వెళ్ళబోసుకుని, ఆ రోజు నేను మీట దించలేదు కదా అని కాస్త గొప్పగానే గుర్తుచేశాను. ఆవిడ కాఫీ గ్లాసు కింద పెట్టింది.

"ధైర్యం చేశావని చుట్టాలంతా అంటారు గానీ, అద్దంలోంచి నేను చూశాను కదురా. నీ చెయ్యి కొయ్యబారిపోయింది."