ఫొటోలో లేని మచ్చలు

మొన్న మా అమ్మాయి తన కొత్త సెల్‌ఫోనుతో నాకో ఫొటో తీసి చూపించింది. ఎవరో సినిమా నటి మా వంటింట్లో నిలబడి, మా గరిటె పట్టుకుని, నా చీర కట్టుకుని ఉంది. ఆమె ఎవరో పోల్చుకోవడానికి నాకు పావుగంట పట్టింది. పుట్టినప్పటి నుంచీ నా ముక్కు పక్కన రేగిపండంత పుట్టుమచ్చ ఒకటి ఉంది. పెళ్ళైన కొత్తలో మా ఆయన దాన్ని ఈగ అనుకుని రెండుసార్లు తోలాడు. ఫొటోలో ఆ మచ్చ లేదు. కళ్ళ కింద సంచులూ లేవు. యాభై ఏళ్ళు కష్టపడి సంపాదించుకున్న ముడతలు ఒక్కటీ లేవు. "ఏమే, నా మచ్చేది?" అన్నాను. "ఫోనే తీసేస్తుందమ్మా, మనం చెప్పక్కర్లేదు" అంది. మనం చెప్పక్కర్లేదన్న మాట దగ్గర నా నవ్వు ఆగిపోయింది. ఎందుకంటే మా ఇంట్లో ఒకసారి ఈ పనినే ఒకరు ప్రత్యేకంగా చెప్పి చేయించారు. చెప్పినాయన ఎవరో నాకు బాగా తెలుసు. ఆ సమయంలో ఆయన పక్కనే నిలబడి నేను రంగు సోడా తాగుతున్నాను.

డెబ్భైల చివర్లో, నాకు పదేళ్ళప్పుడు, తిరువూరులో అమ్మమ్మావాళ్ళింట్లో ఉండి చదువుకునేదాన్ని. తాతయ్య పాస్టరు. ఊళ్ళో క్రైస్తవులు ఆయన్ని అయ్యగారు అనేవారు. క్రైస్తవులు కానివాళ్ళూ అయ్యగారనే అనేవారు, ఆ గొంతుకు మరో పిలుపు నప్పదు. ఆయన మైకు లేకుండా ప్రార్థన చేస్తే బస్టాండులో విజయవాడ బస్సెక్కి కూర్చున్నవాళ్ళు కూడా కళ్ళు మూసుకునేవారనీ, ఆమెన్ వినపడ్డాక గాని డ్రైవరు బండి కదిలించేవాడు కాదనీ చెప్పుకునేవారు. చెప్పుకున్నది ఎక్కువగా నేనే. ఏడాదికి యాభై రెండు ఆదివారాలుంటే అందులో నలభై ఆదివారాలు ఆయన ప్రసంగం ఒకటే: దేవుడు మనిషిని తన పోలికలో చేశాడు. మిగతా పన్నెండు ఆదివారాలు వేరే విషయంతో మొదలుపెట్టి ఇక్కడికే వచ్చేవారు. కింద చాపల మీద కూర్చున్నవాళ్ళలో చాలామంది పత్తి ఏరేవాళ్ళు, నాట్లు వేసేవాళ్ళు. "చేతులు కాయలు కాశాయని దాచుకోకండి" అనేవారు తాతయ్య. "మట్టి పిసికి మనల్ని చేసినాయన చేతులు మాత్రం మెత్తగా ఉంటాయా?" అప్పుడు అందరూ ఒక్కసారి తమ అరచేతుల వైపు చూసుకునేవాళ్ళు. నేను ఇంటికొచ్చి అద్దంలో చూసుకునేదాన్ని. బాగా ఆలోచించి, దేవుడికి కూడా ముక్కు పక్కన రేగిపండంత మచ్చ ఉంటుందని తేల్చుకున్నాను. ఆ సంగతి మా క్లాసులో ఇద్దరికి చెప్పి, ఇద్దరితోనూ దెబ్బలాడాను.

మా చిన్నమ్మ, అంటే అమ్మ చెల్లెలు, ఆ ప్రసంగానికి సాక్ష్యం లాంటిది. అయిదేళ్ళ వయసులో ఆమెకు మశూచి వచ్చింది. ప్రాణం దక్కింది గాని, వడగళ్ళ వాన పడ్డ పొలంలా అయింది ముఖం. బడిలో పిల్లలు ఏదో అన్నారట. అప్పటి నుంచి తలుపు చాటున కూర్చుని, అన్నం కూడా అక్కడికే తెప్పించుకునేదట. ఇది అమ్మమ్మ నాకు వెయ్యిసార్లు చెప్పిన కథ, కాబట్టి తక్కువలో తక్కువ ఒకసారైనా జరిగుంటుంది. ఓ రోజు తాతయ్య గోడ మీది అద్దం తీసుకెళ్ళి తలుపు చాటున ఆమె పక్కనే చతికిలబడి, ఆ గుంటల ముఖాన్ని రెండు చేతుల్లో పట్టుకుని, "ఎవరి పోలిక ఇది?" అన్నారట. "మీ పోలికే నాన్నగారూ" అందట చిన్నమ్మ. "నాది కాదమ్మా. దేవుడిది" అని, భుజాన ఎక్కించుకుని గుడికి తీసుకెళ్ళి, ప్రసంగం అయ్యేంతవరకూ పక్కన నిలబెట్టుకున్నారట. ఆ తర్వాత చిన్నమ్మ ఎవరి ముందూ తల దించలేదు. పెద్దదై టీచరైంది. గుడిలో హార్మోనియం వాయించేది. ఆమె నవ్వితే పక్కవీధిలో కోళ్ళు లేచేవి.

ఆమెకు పాతికేళ్ళప్పుడు విస్సన్నపేట వైపు నుంచి ఓ సంబంధం వచ్చింది. అబ్బాయి హైస్కూల్లో లెక్కల మాస్టరు. ముందు ఫొటో పంపమన్నారు. చిన్నమ్మ భోజనాల దగ్గర అందరి ముందూ ఒకటే షరతు పెట్టింది. "ఫొటో ఉన్నదున్నట్టు వెళ్ళాలి నాన్నగారూ. ఫొటో చూసి వద్దంటే అక్కడే అననివ్వండి. ఇంటికొచ్చి, నా ముఖం చూసి వద్దంటే మాత్రం నేను పడలేను." తాతయ్య ముద్ద కలుపుతూ, "అలాగే తల్లీ" అన్నారు. నేను విన్నాను. అమ్మమ్మ వింది. గోడ మీది బల్లి కూడా విని ఉంటుంది, కానీ అది ఆ తర్వాత ఎవరికీ సాక్ష్యం చెప్పలేదు. నేనూ చెప్పలేదనుకోండి.

మా బజారులో బట్టల కొట్టు పైన స్టూడియో ఉండేది. మెట్లు ఎంత నిటారుగా ఉండేవంటే, ఫొటోలో అందరి ముఖాల్లోనూ ఆయాసం కనిపించేది. పైన ఒక తెర, దాని మీద ఒక చెరువు, చెరువులో మేకల్లా కనిపించే హంసలు. అద్దం పక్కన పౌడరు డబ్బా, తాడుతో కట్టేసిన దువ్వెన. ఫొటోగ్రాఫరు సన్నటి మనిషి, గట్టిగా మాట్లాడితే ఫిల్ము పాడవుతుందేమో అన్నట్టు మాట్లాడేవాడు. అతని అసలు విద్య టచింగు. కిటికీ దగ్గర ఏటవాలుగా అద్దపు పలక పెట్టుకుని, దాని మీద నెగటివ్ ఉంచి, కంటికి భూతద్దం బిగించుకుని, సూదిలా చెక్కిన పెన్సిలుతో చుక్క చుక్కగా గీసేవాడు. నెగటివ్‌లో అతను ఎక్కడ గీస్తే ఫొటోలో అక్కడ మచ్చ పోయి నున్నగా వచ్చేది. మా ఊళ్ళో అప్పట్లో ఒక్క ఫొటోలోనూ మొటిమ లేదు. ఫొటో తీయించుకున్న రోజు చిన్నమ్మ అతనికి చెప్పింది, "నాకు మాత్రం పెన్సిలు పెట్టకండి" అని. అతను బుద్ధిగా తలూపాడు.

మర్నాడు సాయంత్రం తాతయ్య నన్ను వెంటబెట్టుకుని బజారుకెళ్ళి, స్టూడియో కింద నాకొక రంగు సోడా కొనిపెట్టారు. తాతయ్య సోడా కొనడం అన్నది ఎర్ర సముద్రం చీలినంత సంగతి. సీసా పట్టుకునే ఆ నిటారు మెట్లెక్కాను. పైన తాతయ్య, ఆ గొంతుకు ఎన్నడూ అలవాటు లేని చిన్న స్వరంలో, "మా అమ్మాయి ఫొటో కాస్త బాగుచెయ్యవయ్యా" అన్నారు. ఫొటోగ్రాఫరు భూతద్దం తీసి, "అమ్మాయిగారు వద్దన్నారు కదండీ" అన్నాడు. "నేను చెబుతున్నాను కదా." "అంటే అయ్యగారండీ, అన్నీ తీసేస్తే మనిషి మారిపోద్దండి. ఓ పాతిక ఉంచమంటారా?" తాతయ్య కిటికీలోంచి బజారు వైపు చూస్తూ, "ఉంచకు" అన్నారు. దిగేటప్పుడు నా తల మీద చెయ్యి వేసి, "ఇంట్లో అనకేం" అన్నారు. నేను సోడా మీద ఒట్టేసినంత గట్టిగా తలూపాను. ఫొటో స్టూడియో నుంచి నేరుగా పోస్టులో విస్సన్నపేట వెళ్ళిపోయింది. చిన్నమ్మ చూడనే లేదు. ఎలా వచ్చిందో అడిగింది. "బాగా వచ్చింది" అన్నారు తాతయ్య. అది మాత్రం అబద్ధం కాదు.

వాళ్ళకు ఫొటో తెగ నచ్చిందట, చూడ్డానికి వస్తున్నామని ఉత్తరం రాశారు. ఆ ఉత్తరం వచ్చిన రోజు చిన్నమ్మ హార్మోనియం మీద ఏ పాటా కాని పాటలు చాలాసేపు వాయించింది. మచ్చలన్నీ చూసి కూడా వస్తున్నారంటే మంచివాళ్ళే అని అమ్మమ్మతో అంది. నేను అక్కణ్ణుంచి లేచి పెరట్లోకి వెళ్ళిపోయాను.

వాళ్ళు నలుగురు వచ్చారు. చిన్నమ్మ తనే టీ పళ్ళెం తెచ్చి, అందరికీ ఇచ్చి, నమస్కారాలు పెట్టి, ఎదురుగా కూర్చుంది. మా ఇళ్ళలో ఏ మాటైనా ప్రార్థన తర్వాతే కాబట్టి తాతయ్య లేచి కళ్ళు మూసుకుని మొదలుపెట్టారు. ఆ రోజు ప్రార్థన మామూలు కంటే పొడుగ్గా సాగింది. ఆదాము దగ్గర బయల్దేరి ఎంతకీ మా వరండా చేరడం లేదు. ఆయన ఆమెన్ అనడానికి భయపడుతున్నారని నా ఒక్కదానికే తెలుసు. ప్రార్థనలో కళ్ళు తెరవడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య. తెరిచి చూస్తే, అక్కడ మరొకరి కళ్ళు కూడా తెరిచే ఉన్నాయి. పెళ్ళికొడుకు తల్లి హ్యాండుబ్యాగులోంచి ఫొటో తీసి, కళ్ళు మూసుకుని ఉన్న చిన్నమ్మ ముఖం వైపు ఒకసారి, ఫొటో వైపు ఒకసారి చూస్తోంది. మా ఇద్దరి చూపులూ కలిశాయి. ఆవిడ ఫొటో దాచేసి గట్టిగా కళ్ళు మూసుకుంది. నేనూ మూసుకున్నాను.

ఆమెన్ అయ్యాక ఆవిడ ఫొటో మళ్ళీ బయటికి తీసి, చాలా మర్యాదగా అంది: "మీ పెద్దమ్మాయిని చూశామండీ, సంతోషం. ఇక పెళ్ళికూతుర్ని పిలవండి."

ఆవిడ తప్పుగా ఏమీ అనలేదు. ఆవిడ చేతిలో ఉన్న అమ్మాయిని పిలవమంది, అంతే. చిన్నమ్మ చెయ్యి చాచి, "ఒకసారి ఇస్తారాండీ" అని ఫొటో తీసుకుని చూసింది. చూసి, "ఈ అమ్మాయి లేదండి" అని తిరిగి ఇచ్చేసింది. తర్వాత తాతయ్య వైపు తిరిగి, "మీరు చెప్పారా నాన్నగారూ?" అని అడిగింది. ఆమె అడిగిన తీరు చూస్తే, చెప్పానని ఒక్కమాట అంటే చాలు, అక్కడికక్కడే క్షమించేసేలా ఉంది. నలభై ఆదివారాల ఆ గొంతు, "స్టూడియో అతను పొరపాటున చేసుంటాడమ్మా" అంది. అని, నా వైపు చూడలేదు. నేను నా చేతిలోని బిస్కెట్టును, ప్రపంచంలో అదే ఆఖరి బిస్కెట్టన్నంత శ్రద్ధగా తిన్నాను. వచ్చినవాళ్ళు తర్వాత కబురు చేస్తామని చెప్పి మూడింటి బస్సుకు వెళ్ళిపోయారు. కబురు రాలేదు. ఆ సాయంత్రం నేను అద్దం ముందు నిలబడి, ముక్కు పక్కన మచ్చను మొదటిసారి వేలితో మూసి చూసుకున్నాను.

మర్నాడు బడి వదిలాక చిన్నమ్మ నా చెయ్యి పట్టుకుని స్టూడియోకు తీసుకెళ్ళింది. ఫొటోగ్రాఫరు మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. ఆమె అడక్కముందే, "నాదే పొరపాటమ్మా. అలవాటు చొప్పున చెయ్యి పోయింది" అన్నాడు. చిన్నమ్మ నెగటివ్ అడిగి తీసుకుని కిటికీ వెలుగుకు పెట్టి చూసింది. అందులో ముఖం నల్లగా, జుట్టు తెల్లగా ఉంది. బుగ్గల మీద పెన్సిలు చుక్కలు వందలకొద్దీ మెరుస్తున్నాయి. "దీనికి ఎంతసేపు పట్టింది?" అంది. "ఒక పూటంతా పట్టిందమ్మా." "అలవాటు చొప్పున పూటంతా పోతుందా చెయ్యి?" అతను తల దించుకున్నాడు. దించుకునే ముందు ఒక్క క్షణం నా వైపు చూశాడు. చిన్నమ్మ కోప్పడలేదు. ఆ ఫొటోదే ఇంకో పెద్ద కాపీ తీసి ఫ్రేము కట్టించమని చెప్పి మెట్లు దిగింది. కింద సోడా బండి దగ్గర ఆగి, "సోడా తాగుతావే?" అని అడిగింది. మామూలుగానే అడిగింది. "వద్దు చిన్నమ్మా" అన్నాను. పుట్టి బుద్ధెరిగాక నేను సోడా వద్దన్నది అదొక్కసారే. ఆమె నా ముఖంలోకి చూసింది. నేను బజారు మధ్యలో, రెండు బస్సులు ఆగిపోయేంత గట్టిగా ఏడ్చాను. ఒక్క ముక్క చెప్పనక్కర్లేకపోయింది. "నువ్వు కూడానా" అంది, అంతే. నా చెయ్యి మాత్రం వదల్లేదు.

వారం తర్వాత ఫ్రేము వచ్చింది. చిన్నమ్మ స్టూలెక్కి, తాతయ్య పడక్కుర్చీకి సరిగ్గా ఎదురుగా గోడకు మేకు కొట్టి దాన్ని తగిలించింది. వచ్చినవాళ్ళంతా అడిగేవారు, ఎవరండీ ఈ అమ్మాయి, చక్కగా ఉంది అని. "మా నాన్నగారి కూతురండి" అని చెప్పి, మంచినీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళేది చిన్నమ్మ. తాతయ్య పేపరు ఇంకాస్త పైకెత్తి పట్టుకునేవారు. ఆ ఫొటో గోడ మీంచి దించెయ్యమని ఆయన ఎప్పుడూ అనలేదు. కుర్చీ కూడా జరుపుకోలేదు. కానీ ఆ తర్వాత ఒక్క ఆదివారం కూడా, మనిషి దేవుని పోలిక అన్న ప్రసంగం నేను ఆయన నోట వినలేదు. నోవహు ఓడ గురించి చెప్పేవారు, వర్షాల గురించి చెప్పేవారు. కింద కూర్చున్నవాళ్ళు అరచేతులు చూసుకోవడం మానేశారు. తాతయ్య తప్పు ఒప్పుకున్నట్టే కదా అని నేనొకసారి చిన్నమ్మతో అన్నాను. "అనని మాట అన్నట్టు ఎలా అవుతుందే" అంది.

ఆరేళ్ళ తర్వాత ఆమె ఒక కాంపౌండరును పెళ్ళి చేసుకుంది. ఆయన రోజూ బస్సులో ఆమెను చూస్తున్నవాడే కాబట్టి ఎవరికీ ఫొటో పంపే పని పడలేదు. తాతయ్యకు చివర్లో చూపు పోయింది. ఒక మధ్యాహ్నం చిన్నమ్మను దగ్గరకు రమ్మని, చిన్నప్పటిలాగే రెండు చేతుల్లో ఆమె ముఖం పట్టుకుని, వేళ్ళతో ఆ గుంటల్ని ఒక్కొక్కటీ తడిమారట. "ఇప్పుడు చెబుతారేమో అని కదలకుండా కూర్చున్నానే" అని చెప్పింది నాతో. "చెప్పలేదు. నిద్రపోయారు."

సెల్‌ఫోను ఫొటో చూసిన వారంలోనే, తాతయ్య ఇంట్లోనే ఉంటున్న చిన్నమ్మను చూడ్డానికి తిరువూరు వెళ్ళాను. గోడలకు సున్నం వేయిస్తున్నారు, ఫ్రేము దించి మంచం మీద పెట్టారు. నలభై ఏళ్ళ పైచిలుకు వానాకాలాల చెమ్మ లోపలికి దిగి, పురుగు తిని, ఆ నున్నటి బుగ్గల నిండా గోధుమరంగు మచ్చలు, చిన్న చిన్న గుంటలు పడ్డాయి. డెబ్భై దాటిన చిన్నమ్మ కళ్ళజోడు పెట్టుకుని దాన్ని కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి చాలాసేపు చూసి, "ఇప్పుడు కాస్త నాలాగుందే" అంది. పక్కవీధిలో కోళ్ళు లేచాయి. నేనూ వంగి పోల్చి చూశాను. తాతయ్య ఒక్క పూటలో తీయించినవాటిని తిరిగి పెట్టడానికి కాలానికి ఇన్నేళ్ళు పట్టింది, పాపం. అసలు ముఖాన్ని చూసి గీసే వీల్లేక, ఒక్క మచ్చనూ ఉన్నచోట పెట్టలేకపోయింది.