ఇ అంటే ఠాణా

అప్పలస్వామి మేష్టారిది శృంగవరపుకోట. పందొమ్మిది వందల ఇరవై ఆరులో అరకు కొండల్లో ఉన్న మా ఊరి బడికి వచ్చారు. ఆయనతోపాటే తాలూకా నుంచి రంగుల అక్షరాల పటం ఒకటి వచ్చింది. అందులో 'ఇ' పక్కన పెంకుటింటి బొమ్మ ఉంది.

"ఇదేటే, సోంబరీ?" అని మేష్టారు మాలో చిన్నపిల్లని అడిగితే ఆ గుంట భయంగా నా వెనక్కి జరిగి, "ఠాణా" అంది. మేమంతా అవునని తలలూపాం. మా కొండమీద పెంకులున్నది పోలీసు ఠాణాకే. మావన్నీ గడ్డి కప్పులు.

మేష్టారు నవ్వలేదు. పటం గోడవైపు తిప్పేసి, పక్కన బొగ్గుతో గడ్డి కప్పు గుడిసె గీశారు. చేటలో చోడి గింజలు పరిచి, వాటిలో వేలితో 'ఇ' దిద్దించారు. రెండు నెలలు తిరక్కుండా పదకొండు మందికీ అక్షరాలు వచ్చేశాయి.

అప్పుడు బళ్ల ఇన్‌స్పెక్టరు వచ్చి, పటం ఇటు తిప్పించి, 'ఇ' దగ్గర బెత్తం ఆనించారు. సోంబరి బొమ్మను చూసి మళ్లీ "ఠాణా" అంది.

"ఇదేనటయ్యా నువ్వు చెప్పిన చదువు?"

"బొమ్మ మూసి అడగండి బాబూ, సదువుద్ది" అని మేష్టారు బతిమాలారు.

"సర్కారు పటాన్నే మూస్తావా? వచ్చే తనిఖీకి పటం ప్రకారం చెప్పించకపోతే బడి ఎత్తేస్తాం."

మర్నాటి నుంచి మేష్టారు ఆ పెంకుటింటిని చూపిస్తూ "ఇ, ఇల్లు" అని వల్లె వేయించారు. మూడోనాడు సోంబరి లేచి నిలబడింది.

"అది ఇల్లయితే మేం ఉండేది ఏటి, మేష్టారూ?"

"మీదీ ఇల్లేనే గుంటా. తనిఖీ రోజున మాత్రం ఆ మాట అనకు" అన్నారు మేష్టారు, మా ముఖాలు చూడకుండా.