సుజాత రక్తం కోసం సిరిసిల్లకు

జగిత్యాలలో ఉదయం ఏడింటి బస్సెక్కాను. ఆడవాళ్ళకు సున్నా టికెట్ కాబట్టి చార్జీ బాధ లేదు, సీటు దొరకడమే గగనం. సిరిసిల్లలో ఉండే మా చెల్లెలు సుజాతను రక్తపరీక్షకు ఒప్పించడానికి వెళ్తున్నాను. మా పెద్దక్క నిరుడు కాలేయం పాడై చనిపోయింది. ఒంట్లోని రక్షణ శక్తే ఎదురు తిరిగి కాలేయాన్ని దెబ్బతీసే జబ్బట. మేము కామెర్లనుకుని పసరు తాగించాం. జబ్బు పేరు తెలిసేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోయింది.

తర్వాత డాక్టరమ్మ నా జన్యువులు పరీక్ష చేయించి ఆ జబ్బు వచ్చే ముప్పును లెక్కగట్టే స్కోరు నాకు ఎక్కువే ఉందంది. "గంత మాత్రాన రోగమస్తదని కాదమ్మా. గీ లెక్క ఎక్కువ బయటి దేశాలోల్ల రక్తం జూసి కట్టింది, మనకెంత సరిపోతదో ఇంక తెల్వదు. కని లివర్ పరీక్షలు మాత్రం ఇడువద్దు. మీ చెల్లెను గూడ తీస్కరా" అంది. ఆ మాట ఎత్తగానే సుజాత ఫోన్ పెట్టేసింది. అందుకే ఈ ప్రయాణం.

కోరుట్ల బస్టాండుకు పెద్దక్క భర్త, మా బావ వచ్చాడు. నాకు ఇడ్లీ పెట్టించి తాను ముట్టలేదు. "గా పసరు నేనే తెచ్చిన. సుజాతకు జెర గట్టిగ చెప్పు" అన్నాడు. సరేనని అక్కడ బస్సు మారాను.

వేములవాడ బస్సులో నా పక్కన కూర్చున్నామె కథలాపూర్‌లో దిగిపోయింది. దిగేముందు, "మా ఆయనను దుబాయి మెడికల్ల అన్‌ఫిట్ చేసిండ్రు. లివర్ల ఏందో ఉన్నదట" అంది. సుజాత కొడుకు కూడా వచ్చే వారం దుబాయి వీసా కోసం ఆ మెడికల్ పరీక్షకే పోవాలి.

వేములవాడలో బస్సు మారి పదకొండున్నరకు సిరిసిల్ల చేరాను. మరమగ్గాల చప్పుడు మధ్య సుజాత మిషన్ మీద నూలు కండెలు చుడుతోంది. తల ఎత్తలేదు.

"నా రక్తంల గా రోగం ఉన్నదని తేలితె నా కొడుకును అన్‌ఫిట్ జెయ్యరా అక్కా?"

నాకు ఒళ్ళు మండింది. "ఓసి పిచ్చిదానా! గిది దుబాయి మెడికలా? గిండ్ల ఫిట్టు లేదు, అన్‌ఫిట్టు లేదు. నీ రక్తంతోని వాని వీసాకేం పనే?"

సుజాత మిషన్ ఆపింది. "ఎండకాలం సంది ఒళ్ళంత దురద అక్కా. చాతనైతలేదు. పసరు తాగుతున్న. వాడు దుబాయి పోయినంక చెబ్దామనుకున్న."

దాని ముఖం వెలుతురుకు తిప్పి చూశాను. కళ్ళు పచ్చగా ఉన్నాయి. జబ్బు కళ్ళలోనే కనిపిస్తుంటే ఇక దానికి స్కోరుతో పనేముంది? సాయంత్రానికల్లా డాక్టరమ్మ దగ్గర ఉండాలి.

రెండింటికి బయల్దేరి, వేములవాడలో జగిత్యాల బస్సు పట్టుకున్నాం. ఇలాంటి పనిమీద వెళ్ళేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే: ఫోన్‌ను నమ్మకండి, బస్సెక్కి మనిషి ముఖం చూడండి. అక్కచెల్లెళ్ళం ముగ్గురం ఎక్కడికెళ్ళినా, ముగ్గురు కూర్చునే సీటులో కిటికీ పక్క ఎప్పుడూ పెద్దక్కదే. సుజాత ఆ చోటు వదిలి మధ్యలో కూర్చుంది.

"గాడ ఎవలన్న ఉన్నరా?" అని ఒకామె కిటికీ పక్క ఖాళీని చూపించి అడిగింది.

సుజాత నా వైపు చూసింది. నేను దాని చెయ్యి గట్టిగా పట్టుకుని, "లేరు, కూసో అమ్మా" అన్నాను.