మస్కట్‌లో చూడటానికి ఏముంది

నాకు సంతకం పెట్టడం వచ్చు. బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుని చదవడం వచ్చు. అంతకు మించి చదువు లేదు. ఇదంతా నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. నా మాటల్ని ఎక్కడైనా మెత్తగా మార్చేస్తుందేమోనని, రాసిందల్లా తిరిగి చదివి వినిపించమన్నాను.

మేం దూదేకులోళ్ళం. ఇంట్లో మాట్లాడేది తెలుగే, నమాజుకి వెళ్ళేది మసీదుకే. విజయవాడ వన్ టౌన్‌లో ఓ సందు చివర కొట్టులో పరుపులు, దిళ్ళు కుడతాను. ఏళ్ళ తరబడి బూరుగు దూది నుసి పీల్చి నా గొంతు బొంగురుపోయింది. మామూలుగా అన్నం తినమన్నా తిట్టినట్టే ఉంటుందంటారు పిల్లలు.

మా ఆయన మస్కట్‌లో ఏసీ మెకానిక్. పనిలో ఉండగానే గుండె ఆగిపోయింది. అప్పటికి అమ్మాయి చిన్న బడికి వెళ్తోంది, అబ్బాయి ఇంకా నా చంకలోనే ఉన్నాడు. ఫోను మా మామగారికి వచ్చింది. ఇంటికి పంపమంటారా, ఇక్కడే మట్టి చేసేయమంటారా అని అడిగారంట. పంపాలంటే కాగితాలకే రోజులు పడతాయన్నారంట. మాలో ఆలస్యం చేయకూడదు. అక్కడే చేసేయమని మామగారు చెప్పేశారు. అది తప్పని నేననను. కానీ నన్నెవరూ అడగలేదు. నేను వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చేసరికి మాట అయిపోయింది. ఆయన్ని ఆఖరిసారి చూసింది సెలవు అయిపోయి పెట్టె మోసుకుంటూ ఆటో ఎక్కినప్పుడే.

మా తమ్ముడు షార్జాలో డ్రైవరు. అమ్మాయికి ఇంటర్ అయిపోయింది, అబ్బాయి తొమ్మిదిలోకి వచ్చాడు, ఇప్పుడు రాకపోతే ఇంకెప్పుడొస్తారక్కా అని ఈ వేసవికి పట్టుబట్టాడు. వీసాలు, టికెట్లు నేను చూసుకుంటా, ఏయే ఊళ్ళు చూస్తారో మీరు తేల్చుకోండి అన్నాడు.

ఇంక పిల్లలిద్దరికీ అదే పని. కొట్టులో పరుపు గుడ్డ పరిచి నేను కత్తిరిస్తుంటే, దాని మీదే బోర్లా పడుకుని ఫోన్లో ఊళ్ళు వెతికేవాళ్ళు. షార్జా ఎటూ ఖాయం, అక్కణ్ణుంచి దుబాయ్. అబుదాబీలో నీళ్ళలో జారే పార్కు ఉందని అబ్బాయి. అక్కణ్ణుంచి విమానంలో జార్జియా వెళ్ళి మంచు చూడాలని అమ్మాయి.

"నీళ్ళలో జారడానికి అబుదాబీ దాకా ఎందుకురా? బ్యారేజీ కింద దూకు, టికెట్ కూడా ఉండదు" అంది అమ్మాయి.

"మంచుకి జార్జియా ఎందుకక్కా? మన ఫ్రిజ్ పైఅర తెరువు. ఎలుగుబంటి కూడా ఉంటుందేమో చూడు" అన్నాడు వాడు.

నాకూ నవ్వొచ్చింది. నవ్వు ఆగాక, ఆ మూడో ఊరు మస్కట్ పెట్టండి అన్నాను. షార్జా నుంచి బస్సుంది, మా తమ్ముణ్ణి అడిగి ఉంచాను.

అబ్బాయి ఫోన్లోంచి తలెత్తకుండానే అడిగాడు. "మస్కట్‌లో చూడటానికి ఏముందమ్మా?"

అమ్మాయి వాణ్ణి మోచేత్తో పొడిచింది. అప్పటికే నా నోట్లోంచి మాట వచ్చేసింది.

"మీ నాన్న" అన్నాను.



మా ఆయన్ని మట్టి చేసినవాడు ఆయన గదిలోనే ఉండే స్నేహితుడు. ఇప్పుడు తిరిగొచ్చేసి ఇబ్రహీంపట్నంలో ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు. పిల్లలు బాబాయ్ అంటారు. ఆదివారం ముగ్గురం బస్సెక్కి వెళ్ళాం. ఆయన్ని మట్టి చేసిన చోటు నేల మీద సుద్దముక్కతో గీసి చూపించాడు. ఇది గేటు, ఇటు గోడ, గోడ పక్కన వేపచెట్టు, దానికి ఎదురు వరసలో. అక్కడ గోరీల మీద పేర్లు రాయరంట. తల దగ్గరో రాయి, కాళ్ళ దగ్గరో రాయి. గుర్తు కోసం తలవైపు రాయి పక్కన ఏసీ రాగి గొట్టం ముక్కొకటి మట్టిలోకి నొక్కానన్నాడు. ఇన్నేళ్ళ గాలికి, ఇసుకకి అది ఉందో లేదో.

"ఫలానాదే ఆయనదని ఒట్టేసి చెప్పలేను వదినా" అన్నాడు. చేతికంటిన సుద్ద దులుపుకున్నాడు. "ఇంకోటి. నేను చూసినంతలో ఆడవాళ్ళని లోపలికి రానివ్వరు. మీరిద్దరూ గేటు బయటే ఉండాలి. లోపలికి వీడొక్కడే."

నాకు అది కొత్త కాదు. మన దగ్గరా మా ఆడవాళ్ళు ఖబరస్తాన్‌లోకి వెళ్ళరు. గేటు దాకా వెళ్ళినా చాలనే అనుకున్నాను. కానీ అమ్మాయి మొహం మాడిపోయింది. తిరుగు బస్సులో గొల్లపూడి దాటేదాకా కిటికీలోంచి బయటికే చూసింది. అప్పుడు కడుపులో ఉన్నది కక్కింది. నాన్న మోచేతి మీద కాలిన మచ్చ తనకు గుర్తుందంట. తన జడకి రిబ్బను ఆయన వేస్తే సాయంత్రానికీ ఊడేది కాదంట. అన్నీ గుర్తున్న తను బయట నిలబడాలి, ఏదీ గుర్తులేనివాడు లోపలికెళ్ళాలి, ఇదేం న్యాయం అని.

"నేను వెళ్తానని అన్నానా?" అన్నాడు వాడు. తర్వాత నావైపు తిరిగాడు. "నాకాయన తెలీదమ్మా. ఎవరిదో గోరీ ముందు నిలబడి ఏడవమంటావా?"

నా చెయ్యి లేచింది. పక్క సీట్లో ముసలాయన చూస్తున్నాడని కాదు, వాడన్నదాంట్లో అబద్ధం లేదని దించేశాను. వాడు నటించలేడు. నటించమని నేనెలా అడుగుతాను. కానీ వాడు వెళ్ళకపోతే మా ముగ్గురిలో ఎవరమూ వెళ్ళనట్టే. ఆ మట్టి దగ్గరికి ఈ ఇంట్లోంచి ఒక మనిషైనా వెళ్ళాలని ఎన్నేళ్ళ నుంచి అనుకుంటున్నానో, అది వాడి భుజాల మీద పడింది. వాడికి పద్నాలుగేళ్ళు.

తమ్ముడు రోజూ ఫోన్ చేసి ఏం తేల్చారక్కా అంటున్నాడు. ఆఖరికి నేనే మస్కట్ తీసేయమన్నాను. మంచే చూసుకోండి అన్నాను. అమ్మాయి అది కూడా పెట్టలేదు. ఫోన్ మూసి పక్కన పడేసింది. అది నామీద కోపమో తన తమ్ముడి మీదో అప్పుడు చెప్పలేదు. ఇప్పుడు రాస్తూ కూడా చెప్పడం లేదు.

మేం వెళ్ళడం లేదని, అబ్బాయి బస్సులో అన్న మాటా ఇబ్రహీంపట్నం ఫోన్ చేసి చెప్పాను. అంత శ్రమపడి గీసి చూపించినవాడికి చెప్పడం మర్యాద కదా. అతను అలాగే వదినా అన్నాడు, అంతే. శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక టోపీ జేబులో పెట్టుకుంటూ నేరుగా మా కొట్టుకొచ్చాడు. అబ్బాయి దిళ్ళలో దూది కూరుతున్నాడు. అతను దూది బస్తా మీద కూర్చుని టీ తెమ్మన్నాడు. టీ తాగేదాకా వేరే కబుర్లే. గ్లాసు కింద పెట్టాక వాడితో మొదలుపెట్టాడు.

మట్టి చేసేటప్పుడు వచ్చిన ప్రతి మగాడూ మూడు పిడికిళ్ళ మట్టి వేస్తాడు. అతను వేశాడంట, గదిలోవాళ్ళు వేశారంట. అందరూ వెనక్కి జరుగుతుంటే అతనికి గుర్తొచ్చిందంట, ముందు వేయాల్సినవాడు విజయవాడలో వాళ్ళమ్మ చంకలో ఉన్నాడని.

"మళ్ళీ వంగి మూడు పిడికిళ్ళు వేశాను. వెనకాల ఒకాయన, నువ్వు వేశావు కదా అన్నాడు. ఇవి వాళ్ళబ్బాయివి అన్నాను" అని చెప్పాడు.

అబ్బాయి చెయ్యి దిండులోనే ఉండిపోయింది.

"నువ్వు ఏడవక్కర్లేదురా. ఏ గోరీయో వెతకనూ అక్కర్లేదు. అక్కడ సలాం ఒక్కరికి చెప్పరు. గేటు దాటి లోపలికెళ్ళి ఒక్కసారి చెబితే అక్కడ పడుకున్న వాళ్ళందరికీ చెప్పినట్టే. ఆ అందరిలో మీ నాన్న ఉన్నాడు. అంతవరకు మాత్రం నేను ఒట్టేసి చెప్తా."

వాడు మళ్ళీ దూది అందుకున్నాడు. బాబాయ్ వెళ్ళిపోయాక కూడా కూరుతూనే ఉన్నాడు. ఆ దిండు రాయిలా తయారైంది. తర్వాత కుట్టు విప్పి సగం దూది నేను బయటికి తీయాల్సొచ్చింది.

సాయంత్రం వాళ్ళక్కని అడిగాడు. "నాన్న నన్నేమని పిలిచేవాడు?"

"బుడంకాయ్" అంది.

"నిజం చెప్పు."

"నిజమేరా. అంతే ఉండేవాడివి. నీకు జలుబు చేస్తుందని ఇంట్లో ఏసీ పెట్టనివ్వలేదు. ఊళ్ళోవాళ్ళందరికీ పెట్టే మనిషి. చెమటలు కక్కుకుంటూ విసనకర్రతో విసిరేవాడు నీకు."

ఇంకేమన్నాడు, ఇంకేం చేశాడు అని వాడడుగుతూనే ఉన్నాడు. అది చెబుతూనే ఉంది. కొన్ని నాకూ తెలియవు. కొన్ని నాకు గుర్తున్న తీరుగా లేవు. సరిదిద్దలేదు. తను లోపలికి తీసుకెళ్ళలేనివి వాడి చేతికిస్తోందని నాకు అర్థమైంది. నేను మధ్యలో మాట్లాడటం ఎందుకు.

మర్నాడు వాడే మామయ్యకి ఫోన్ చేశాడు. ముందు మస్కట్, తర్వాతే మిగతావి అని చెప్పాడు. జార్జియా వద్దని అమ్మాయే అంది. నేను ఆశ్చర్యపోయి, మస్కట్ ఆఖర్న పెట్టుకుందాం, ముందు మీ సరదాలు కానివ్వండి అన్నాను.

"వద్దమ్మా. ఆఖర్న పెడితే అన్ని రోజులూ నువ్వు దానికోసమే చూస్తుంటావు. మేం నీ మొహం చూస్తుంటాం" అన్నాడు.

తర్వాత బాబాయ్‌ని అడిగి ఫోన్లో ఆ ఊరి మ్యాపు తీశాడు. పైనుంచి చూసినట్టు కనబడుతోంది. అన్నీ మట్టిరంగు ఇళ్ళు, మధ్యలో గోడ కట్టిన ఖాళీ జాగా. ఇదేనంట. గోరీలు కనబడటం లేదు, అంత పైనుంచి కనబడవంట. వేపచెట్టు మాత్రం ఆకుపచ్చ చుక్కలా ఉంది. వాడు ఆ గోడ చుట్టూ వేలు జరుపుకుంటూ పోయి గేటు దగ్గర ఆపాడు. గేటుకి ఎడమవైపు నీడ సన్నగా ఉంది, అక్కడ గోడ పొట్టిదేమోనని వాళ్ళక్కకి చూపించాడు.

"నువ్వూ అక్కా ఇక్కడ నిలబడండి" అన్నాడు. "నేను లోపల్నుంచి వెనక్కి చూస్తే కనబడాలి."

అక్కడో ఎర్ర గుర్తు పెట్టి, కింద ఏదో కొట్టాడు. ఫోను నా కళ్ళ దగ్గరికి తెచ్చి చదవమన్నాడు. కూడబలుక్కుని చదివాను. అమ్మ, అక్క అని ఉంది. గోడ లోపల ఏ గుర్తూ పెట్టలేదు. మరి నువ్వెక్కడరా అన్నాను. అది లోపలికెళ్ళాక చూసుకుంటానన్నాడు.