బోణీ బేరంలో కొన్న సెల్లు

పది రూపాయల పెన్సిల్ సెల్లుని ఆరు రూపాయలకి కొన్నాను. ఒకటి కాదు, ఇరవై. జగ్గయ్యపేటలో ఈ ధరకి ఇంకెవరైనా తెస్తే వాళ్లకి దండేసి దండం పెడతాను. కిటుకేం లేదు. షట్టరు సగం లేచేసరికి కొట్టు ముందు నిలబడ్డాను. నాన్న కిరాణా కొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి; బోణీ వేళ గిరాకీని ఉత్త చేతులతో పంపడానికి ఏ కొట్టువాడికీ మనసొప్పదని నాకొకరు చెప్పక్కర్లేదు. ఎనభై రూపాయలు మిగిలాయి. ఆ ఎనభై రూపాయల కథే ఈ ప్రయాణం.

నా దగ్గర పాతకాలం చేతి గేము పెట్టె ఒకటుంది. ఇటుకంత ఉంటుంది, వెనక నాలుగు సెల్లు పడతాయి. నేను దాంతో ఆటలాడను. ఆట బిళ్ల బదులు పాటలు కట్టే బిళ్ల, కార్ట్రిడ్జి అంటారు, ఒకటి దూర్చి, మీటలు నొక్కుతూ సంగీతం చేస్తాను. దానికున్నవి నాలుగే గొంతులు. అందులో ఒకటి ఉత్త బరబర చప్పుడు. ఆ చప్పుడుతో మా పద్మక్క కుట్టుమిషను నడకని కట్టి, దాని మీద ఒక పాట అల్లాను. చందర్లపాడులో అక్క టైలరింగు షాపు తెరుస్తోంది. ముహూర్తం పదకొండు ఇరవైకి. పాట నేనే వినిపిస్తానన్న నా మాట నమ్మి పాటల బాక్సులవాణ్ణి కూడా వద్దంది.

ముందురోజు సాయంత్రం చూస్తే పెట్టె పావుగంటకే ఎర్రదీపం మసకబారి ఆరిపోయింది. సెల్లు మారిస్తే మళ్లీ పావుగంట. అక్కకి ఫోన్ చేశాను.

"నీ పెట్టె పలక్కపోతే నువ్వే పాడాల్రా," అంది. "నీ గొంతుకి వచ్చిన జనం ఆగరు, చెప్తున్నా."

నందిగామలో చర్చిల కీబోర్డులూ మైకులూ బాగుచేసే సుగుణమ్మగారని ఒకావిడ ఉన్నారని విన్నాను. దారిలోనే కదా అని ముహూర్తం రోజు పొద్దున ఏడుంపావు బస్సెక్కాను. చిల్లకల్లు దాటి హైవే ఎక్కాక పెట్టె బయటికి తీశాను. పక్క సీటాయన కోదాడ నుంచి వస్తున్నాడట, తొంగి చూశాడు.

"గిదేంది సార్, కార్డు గీకే మిషనా?"

పాటల పెట్టె అనీ, సెల్లు తినేస్తోందనీ చెప్పాను.

"మా నాయిన రేడియోకి గూడ గట్లనే అయితుండె. పాతయి కొత్తయి కలిపి ఏసినవా?"

వేశాను. రెండు కొత్తవి, రెండు సొరుగులోవి. సగం మిగిలిన సెల్లు పారేయడం మా ఇంటా వంటా లేదు. కానీ ఊరూ పేరూ తెలియని మనిషి ఉచితంగా చెబితే వినేదేముంది? కిటికీ వైపు తిరిగి మిరపతోటలు చూస్తూ కూచున్నాను.

ఎనిమిదింటికి నందిగామలో దిగి, బస్టాండు ఎదుట రెండు ఇడ్లీ, ఒక టీ. అల్లం చట్నీ రెండోసారి అడిగినా మొహం మాడ్చుకోకుండా వేశారు, వెళ్లేవాళ్లు గుర్తుంచుకోండి. తొమ్మిదికి సుగుణమ్మగారు కొట్టు తీశారు. అరవై దాటిన మనిషి, కళ్లజోడు నుదుటి మీద. పెట్టె చేతిలోకి తీసుకుని మొదట అడిగిన మాట: "దీపం మసకబారాక సేవ్ నొక్కారా?"

"లేదండి."

"బతికిపోయారు. కరెంటు చాలకుండా రాస్తే పాట చెరిగిపోద్ది. ఫోన్‌లోకి దింపుకున్నారా?"

"తీరిగ్గా దింపుదామని…"

ఆవిడ నావైపు చూసిన చూపుకి అక్కడున్న స్టూలు మీద ఒదిగి కూచున్నాను. పద్మక్క పాట మొత్తం ఆ పెట్టెలోనే ఉంది.

మీటరు పెట్టి సెల్లు ఒక్కొక్కటీ చూశారు. నాలుగూ బాగానే చూపించాయి. "చూశారా, సెల్లు మంచివే," అన్నాను.

"ఖాళీగా ఉన్నప్పుడు అందరూ బలవంతులేనండి. బరువెత్తితే తెలుస్తది." చిన్న బల్బు తగిలించి మళ్లీ చూశారు. సొరుగు సెల్లు రెండూ ఒక్కసారి కూలబడ్డాయి. నా ఆరు రూపాయల సెల్లు కాస్త మర్యాదగా, మెల్లగా దిగాయి. "ఇవి గోడ గడియారానికి పెట్టుకునేవి. నిదానంగా తాగేదానికి సరిపోతాయి. మీ పెట్టెకి దాహం ఎక్కువ. పాటల కార్ట్రిడ్జి ఒకటి, తెర వెనక వేయించిన లైటొకటి. పైగా పాతవీ కొత్తవీ కలిపారు. పాతవి కొత్తవాటినీ లాగేస్తాయి."

కోదాడ ఆయన గుర్తొచ్చాడు.

సెల్లు కూచునే చోట తీగచుట్టలకి పచ్చటి చిలుము పట్టి ఉంది. వానాకాలమంతా ఖాళీ సెల్లు అందులోనే వదిలేసిన పుణ్యం. ఆవిడ నిమ్మరసం అద్దిన దూదిపుల్లతో రుద్ది, స్పిరిట్‌తో తుడిచి, ఆరబెట్టేసరికి పదింపావు. చందర్లపాడు బస్సు వెళ్లిపోయింది.

"ఎంతండీ?"

"రెండొందలు. సెల్లు నాలుగు కావాలంటే నలభై చొప్పున. మీద రాసిన ధరే."

"పొద్దున్నే మొదటి గిరాకీని కదండీ. బోణీ బేరం, నూటయాభై చేసుకోండి."

"నాకు బోణీ పట్టింపుల్లేవు బాబూ. ప్రార్థన చేసుకుని కొట్టు తెరుస్తా. రెండొందలు."

ఇంతకాలం నమ్ముకున్న అస్త్రం అంత నెమ్మదిగా నేల రాలడం మొదటిసారి చూశాను.

ఆ నలభై రూపాయల సెల్లు నాలుగూ వేసి మీట జరిపాను. దీపం ఎర్రగా వెలిగింది. జాబితాలో పాట ఉంది. కుట్టుమిషను టకటకమంది. సుగుణమ్మగారి కాలు బల్లకింద తాళం వేయడం నేను చూడనట్టే ఉన్నాను. ముందు ఫోన్‌లోకి దింపించి, లైటు తగ్గించి, అప్పుడు వదిలారు.

స్పెషల్ ఆటో మాట్లాడుకున్నాను. మూడొందలన్నాడు, రెండొందల యాభైకి తెగింది. పదకొండుకి చందర్లపాడు. గుమ్మానికి రిబ్బను, లోపల మిషను, అక్క కొన్న చిన్న స్పీకరు. తీగ తగిలించాను. పాట మొదలవగానే అక్క చేతిలో కత్తెర ఆగింది.

"ఒరేయ్, ఇది నా మిషనేరా! ఆ కుంటి నడక నా మిషనుదే!"

"బెల్టు వదులుగా ఉంటే అట్టాగే నడుస్తది మరి," అన్నాను. నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటూ రిబ్బను కత్తిరించింది. పాట మళ్లీ మళ్లీ తిరిగి వచ్చింది. గంట దాటినా దీపం మసకబారలేదు.

తర్వాత అక్క టేపు మెడలో వేసుకుని నావైపు తిరిగింది. "బోణీ నీదే. చొక్కా కుట్టుకూలి నాలుగొందలు. బేరం ఆడితే ఆడుకో, నేనూ నాన్న కూతుర్నే."

పర్సు తీశాను. నాలుగొందలిచ్చాను.

మూడు గంటల బస్సులో తిరిగి వస్తూ లెక్క వేశాను. బోణీ సెల్లు నూటఇరవై, మరమ్మతు రెండొందలు, మంచి సెల్లు నూటఅరవై, ఆటో రెండొందల యాభై. మొత్తం ఏడొందల ముప్పై. బస్సులూ ఇడ్లీలూ ఎలాగూ ఉండేవే, కలపలేదు. మంచి సెల్లు ఎప్పటికైనా కొనాల్సినవే, చిలుము ఎప్పటికైనా తుడిపించాల్సిందే; అవి తీసేస్తే మూడొందల డెబ్భై. అక్క గోడ గడియారంలో నా సెల్లు ఒకటి వేసింది, చక్కగా తిరుగుతోంది. ఆ ఆరు రూపాయలూ పోగా మూడొందల అరవై నాలుగు. ఎనభై రూపాయలు మిగల్చడానికి అయిన ఖర్చు అది.

చొక్కా నాలుగొందలు ఈ లెక్కలో రాయలేదు. అది అడిగినంతా ఇచ్చాను.