ఆవలి ఒడ్డున మా అక్క

మా అక్కను ప్రాణహిత ఆవలి ఒడ్డున, నైజాం రాజ్యంలోని ఊరికి ఇచ్చారు. నన్ను ఈవలి సిరోంచకు ఇచ్చారు. మధ్యన ఉన్నది ఒక్క ఏరే. అయినా ఆరేళ్లు నేను అక్క మొహం చూడలేదు.

పెళ్లికి ముందు, మా పుట్టిన ఊరు అంకిసలో ఉండగా, మా నాయన చేపలకు పోయి గోదావరిలో మునిగిపోయాడు. ఆ పడవలో నేనూ ఉన్నాను. ఎవరో నా జుట్టు పట్టి ఒడ్డుకు లాగారు. నాయన చెయ్యి మాత్రం నా చేతిలోంచి జారిపోయింది. అప్పటినుంచి ఎండాకాలంలో మేకలు నడిచి దాటే నీళ్లలో కూడా అడుగు పెట్టలేకపోయాను. అక్కను అత్తింటివాళ్లు ఏరు దాటనిచ్చేవాళ్లు కాదు. ఆమె పొద్దున ఆవలి రేవుకు బట్టలు ఉతకడానికి వచ్చేది. అంత దూరాన చీర రంగు తప్ప ఏమీ కంటికి ఆనేది కాదు. కొంగు ఊపేది. నేనూ ఊపేదాన్ని.

మా పక్కింట్లో బామ్ని అనే ఊరి నుంచి వచ్చిన ఒక ముసలామె ఉండేది, పెద్దమ్మా అని పిలిచేదాన్ని. గోదావరి దిగువన పనికి పోయి, అక్కడ క్రీస్తును నమ్ముకుని తిరిగి వచ్చిన మనిషి. ఇద్దరం కలిసి వడ్లు దంచేవాళ్లం. రోకలి పట్టే ముందు ఆమె ప్రార్థన చేసేది. వినగా వినగా నేనూ నమ్ముకున్నాను. నీళ్ల భయం మాత్రం పోలేదు. అది నాకు సిగ్గుగా ఉండేది.

"నమ్మినా భయం ఎందుకు పోతలేదు పెద్దమ్మా?" అని అడిగాను.

"నాకు పోయిందనుకున్నవా బిడ్డా? పులి అరుపు వింటే ఇప్పటికీ కాళ్లు వణుకుతయి. గని ఏటికి భయపడి గిట్లనే కూసుంటే, ఏరే నీకు దేవుడైతది. ఏటిని చేసినోనికి భయపడు."

అలా ఆరేళ్లు గడిచినాక, దసరాకు ముందు, ఏరు నిండుగా ఉన్నప్పుడు, పడవవాడు కబురు తెచ్చాడు. "మీ అక్కకు ఆడపిల్ల పుట్టింది. మనిషి బాగ లేదు. నిన్నే అడుగుతున్నది."

రేవులో బురదలోనే మోకరించాను. "తండ్రీ, అక్కను చూడాలె" అన్నాను, అంతే. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని పడవ ఎక్కించి, తనూ ఎక్కింది.

నడి ఏట్లో పడవ ఊగింది. "కండ్లు మూసుకో చెల్లె" అన్నాడు పడవవాడు. నేను మూసుకోలేదు. నాయన పోయాక మొదటిసారి నీళ్లను తేరిపార చూశాను. ఇంత పెద్ద ఏటిని చేసినవాడు ఎంత పెద్దవాడో అనిపించింది. భయం పోలేదు. కానీ వెనక్కి తిప్పమని అనలేదు.

అక్క నన్ను చూసి, "ఏందే, గింత పెద్దగైనవ్!" అని నవ్వింది. తొమ్మిది రోజులు ఆమె తల నా ఒడిలోనే ఉంది. చిన్నప్పటి మాటలన్నీ మాట్లాడుకున్నాం. పదోనాడు పోయింది.

ఆమె బిడ్డను చూడటానికి ఇప్పుడు వానాకాలంలో కూడా ఏరు దాటుతాను. పోయిన ఆరేళ్లు తిరిగి రావని నాకు తెలుసు. అయినా ప్రార్థనకు కూర్చుంటే, వాటినే అడగాలనిపిస్తుంది.