న్రు కోసం ఒక కొక్కెం

ఆ ఏడాది జహీరాబాద్ మొత్తంలో తెలుగు షార్ట్‌హ్యాండ్ నేర్చుకుంటున్నది ఇద్దరమే: నేను, మా చర్చి అయ్యగారు. నేర్పే సారును కలుపుకుంటే ముగ్గురం. బజారులో మేడ మీదున్న టైపు ఇన్‌స్టిట్యూట్‌లో మిగతావాళ్లంతా ఇంగ్లీషు షార్ట్‌హ్యాండ్ వాళ్లే. వాళ్లతో బెంచీలు నిండిపోయేవి. మాకు వెనక గదిలో, పాడైన టైపు మిషన్ల పక్కన చాప పరిచేవారు.

నిజానికి మా నాన్న నన్ను తీసుకుపోయింది ఇంగ్లీషులో చేర్పించడానికే. ఆయన దవాఖానలో కాంపౌండరు. నేను మెట్రిక్ పాసై ఇంట్లో ఉన్నాను. నాన్న సారుతో మాట్లాడుతుండగా వెనక గది నల్లబల్ల మీద ఏవో వంకర గీతలు కనిపించాయి.

"అవేంది సార్?" అని అడిగాను.

"గది తెలుగేనమ్మా. 'బీదర్ బస్సు ఇంక రాలేదా' అని రాసిన."

అంత మాటా నాలుగు గీతల్లో ఇమిడిపోయింది! నాకు ఒళ్లు జల్లుమంది. "నాయినా, నేను గిదే నేర్చుకుంట," అన్నాను.

"ఇంగ్లీషుదైతే కొలువు దొరుకుతది. గిది నేర్చి ఏం జేస్తవ్ బిడ్డా?" అన్నాడు నాన్న. తర్వాత సారు వైపు తిరిగి, "మీరే జర చెప్పున్రి," అన్నాడు.

సారు అబద్ధం చెప్పలేని మనిషి. "సర్కారు పని తెలుగుల నడుస్తదంటున్నరు. ఎప్పుడో నాకూ తెల్వదు. నేనుగూడ పుస్తకం చూసి నేర్చుకుంటున్న. ఈమెకంటె రెండు పాఠాలు ముందుంట, గంతే."

నాన్న పకపకా నవ్వాడు. ఆ నవ్వులోనే ఒప్పుకున్నాడు.

అయ్యగారికి యాభై దాటాయి. ఊరికి వచ్చే బోధకుల ప్రసంగాలను ఒక్క మాట పోకుండా రాసుకోవాలని ఆయన కోరిక. కానీ చెయ్యి బరువు. మా లిపిలో సన్నగా గీస్తే 'క', అదే గీత ఒత్తి గీస్తే 'గ'. 'ప'కూ 'బ'కూ అంతే తేడా. ఆయన 'గొర్రెల కాపరి' అని రాసుకుని, మర్నాడు 'గొర్రెల గాబరి' అని చదివారు. మేం నవ్వలేక చచ్చాం. అందరికంటే ఎక్కువ నవ్వింది ఆయనే.

నాకైతే పిచ్చి పట్టింది. రొట్టెల పిండిలో వేలితో గీసేదాన్ని. అంగట్లో పోసిన అల్లం కొమ్ములు చూస్తే వాక్యాల్లా కనిపించేవి. ఎవరైనా మాట్లాడితే అర్థం తర్వాత, ముందు గీతలు కళ్లముందు కదిలేవి.

ఒకటే చిక్కు. పుస్తకం రాసినవారు కోస్తా వైపు మనిషి. 'వచ్చారు', 'చెప్పారు'లకు చక్కటి గుర్తు ఇచ్చారు. మా ఊళ్లో ఎవరూ 'వచ్చారు' అనరు, 'వచ్చిన్రు' అంటారు. ఆ 'న్రు' దగ్గర రెండు గీతలు గీసేలోపు మాట్లాడే మనిషి ఎక్కడికో వెళ్లిపోయేవాడు.

ఒక మధ్యాహ్నం ముగ్గురం దాని మీదే కూర్చున్నాం. అయ్యగారు కాసేపు ఆలోచించి, "గీత కొసకు చేపల గాలం లెక్క చిన్న కొక్కెం పెడితే?" అన్నారు. సారు పుస్తకం మొదటినుంచి చివరిదాకా తిరగేశారు. ఆ కొక్కెం మరి దేనికీ వాడలేదు.

"ఖాళీగనే ఉన్నదయ్యా!" అని అరిచారు.

మేం వేసిన కేకలకు ఇంగ్లీషు వాళ్లు టైపు ఆపి తొంగిచూశారు. మా భాషకు మేమే ఒక గుర్తు చేశాం! చాప మీద కూర్చున్నా నేల మీద ఉన్నట్టు లేదు నాకు.

మర్నాడే దానికి పని పడింది. మా కోడి పక్కింటి గంపలో గుడ్డు పెట్టింది. మా నాయనమ్మ, పక్కింటామె గోడకు చెరోవైపు నిలబడి తిట్టుకోవడం మొదలుపెట్టారు. నేను గడపలో కూర్చుని మొత్తం రాశాను. అలసిపోయి ఇద్దరూ ఆగగానే చదవడం మొదలుపెట్టాను: "'మీ అయ్యలు గిట్లనే జేసిన్రు, మీ తాతలు గిట్లనే జేసిన్రు, గుడ్డు కనవడితే గుటుక్కున మింగిన్రు!'"

నాయనమ్మ నోరు తెరిచింది. "నేను గింత మంచిగ తిట్టిన్నా? ఇంకోపారి చదువు."

"నావి తక్కువ రాసినవ్ పిల్లా," అని పక్కింటామె అలిగింది. మళ్లీ చదివించుకుని, ఇద్దరూ గోడ పట్టుకుని నవ్వారు. గుడ్డు సంగతి ఎవరికీ గుర్తులేదు.

ఆ ఉత్సాహంతోనే హైదరాబాద్ వెళ్లి పరీక్ష రాశాను. డిక్టేషన్ చదివినాయన గంభీరంగా "అధికారులు వచ్చారు, పరిశీలించారు" అన్నాడు. నా చెయ్యి అలవాటుగా కొక్కేలు పెట్టింది. మామూలు తెలుగులోకి తిరగరాసేటప్పుడు "అధికారులు వచ్చిన్రు, పరిశీలించిన్రు" అని పేజీ నిండా జహీరాబాద్ దిగిపోయింది. పరీక్ష తప్పాను. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. సంగతి చెప్పగానే సారు పడీ పడీ నవ్వారు. అప్పుడు నాకూ ఏడుపు రాలేదు.

రెండోసారి అయ్యగారూ నాతోపాటు రాశారు. ఫలితాలు బోర్డు మీద పెట్టారని తెలిసి ముగ్గురం హైదరాబాద్ వెళ్లాం. ఇద్దరి నంబర్లూ ఉన్నాయి. అయ్యగారు నమ్మక, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. ఆ చదువుతోనే తర్వాత నాకు సంగారెడ్డిలో కొలువు దొరికింది. కానీ ఆ సాయంత్రం కొలువు మాటే మాకు తట్టలేదు.

తిరిగొచ్చే బస్సులో సారు కిటికీలోంచి కనిపించిందల్లా చెబుతుంటే నేను రాస్తున్నాను. పక్కసీటాయన, "నా మాట రాసి చదువు చూద్దాం," అన్నాడు. న్యాల్‌కల్ వెళ్లే ఒక ముసలామె తన కోడలి మీద చెప్పుకుపోయింది. నేను చదివి వినిపించగానే బస్సంతా గొల్లున నవ్వింది. "నాది, నాది," అంటూ జనం నా సీటు చుట్టూ మూగారు. కండక్టరు కూడా తన పాట పాడి రాయించుకున్నాడు.

ఉన్నట్టుండి ఆయనే బయటికి చూసి, "అరే, చిరాగ్‌పల్లి! మీరు జహీరాబాద్ల దిగాలె గదా?" అన్నాడు.

ముసలామె నెత్తి కొట్టుకుంది. న్యాల్‌కల్ బస్సు మారడానికి ఆమె కూడా జహీరాబాద్‌లోనే దిగాల్సింది. నలుగురం బొంబాయి రోడ్డు మీద దిగి, నవ్వు ఆపుకోలేక వెనక్కి నడిచాం. చెయ్యెత్తితే చెరకు లారీ ఒకటి ఆగింది. ముసలామె ముందెక్కి డ్రైవరు పక్కన సర్దుకుని కూర్చుని, "నా కోడలి ముచ్చట యాడ ఆపిన్నో చదువు బిడ్డా," అంది.